పరిశోధన, చదువు బృందాలకు ఆన్‌లైన్ పరికరాలు: మొదటి ఒప్పందం నుంచి భద్రపరచడం వరకు సమగ్ర మార్గదర్శి

కలిసి పరిశోధన చేయాలనుకునేవారూ, కలిసి చదువుకోవాలనుకునేవారూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ యాప్ మంచిది? దానికి జవాబు చెప్పడం తేలికే గానీ, ఆ జవాబుతో ఒరిగేది తక్కువ. నాలుగైదుగురు ఉన్న బృందాల్లో పని పాడవడానికి కారణాలు సాధారణంగా మూడు: ఒకే విషయం మూడు చోట్ల ఉండటం, ఏది ఎవరు తేల్చాలో తెలియకపోవడం, ఎవరికి వారు ఆలోచించుకోకముందే అందరూ ఒకే పేజీ మీద పడటం.

అందుకే కింద చెప్పే పద్ధతి అంతా రెండు నియమాల మీద నడుస్తుంది. ప్రతి విషయానికీ ఒకే ఒక చోటు ఉండాలి. ఆలోచన, తీర్పు ముందు విడివిడిగా జరిగి, ఆ తర్వాతే ఒకచోట చేరాలి. ఇక్కడ పేర్కొన్న పరికరాలకు బదులు మీ సంస్థ వేరేవి ఇచ్చినా, ఇదే క్రమం పాటించవచ్చు.

1. పరికరం తెరవకముందు ఒక పేజీ ఒప్పందం

బృందంలోని అందరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుని, అనుకున్నవాటిని పేజీకి మించకుండా రాసి పెట్టుకోవాలి. దీనికి సంతకాలు, సాక్షులు అక్కర్లేదు. కానీ కొన్ని నెలల తర్వాత "మనం అలా అనుకోలేదే" అనే మాట వచ్చినప్పుడు తీసి చూసుకోవడానికి ఇదే ఆధారం అవుతుంది. అందులో ఉండవలసినవి:

- పరిశోధన ప్రశ్న, లేదా చదవవలసిన పాఠ్యాంశం, ఒకటి రెండు వాక్యాల్లో
- ఎవరు ఏ పని చేస్తారు, వారికి వీలుకాకపోతే ఎవరు అందుకుంటారు
- అభిప్రాయభేదం వస్తే తుది మాట ఎవరిది
- సందేశానికి ఎంతలోగా జవాబివ్వాలి
- రచయితల పేర్ల క్రమాన్ని ఏ ప్రాతిపదికన, ఎప్పుడు తేలుస్తారు
- ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వారి ఫైళ్లు, వారు చేసిన పని ఏమవుతాయి

రచయితల పేర్ల విషయం మొదట్లోనే ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. ఆ మొహమాటమే చివర్లో పెద్ద తగాదా అవుతుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘమైన ఐసీఎంజేఈ, రచయిత అనిపించుకోవడానికి 4 షరతులు చెబుతుంది: రూపకల్పనలోనో, డేటా సేకరణ, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండటం, రాతప్రతిని రాయడం లేదా విషయపరంగా లోతుగా సవరించడం, తుది ప్రతిని ఆమోదించడం, మొత్తం పనికి జవాబుదారీ కావడం. ఈ నాలుగూ తీరాలి, ఏదో ఒకటి తీరితే చాలదు. మీది వైద్యరంగం కాకపోయినా మాట మొదలుపెట్టడానికి ఇది పనికొస్తుంది.

ఎవరేం చేశారో నమోదు చేయడానికి 14 పాత్రలతో క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది. ఆ పాత్రలను నిలువు వరుసల్లో, సభ్యుల పేర్లను అడ్డు వరుసల్లో పెట్టి మొదటి రోజే ఒక పట్టిక తెరిచి, పని జరిగినకొద్దీ నింపుకుంటూ పోతే, వ్యాసం పంపేనాడు జ్ఞాపకాల మీద ఆధారపడవలసిన అవసరం రాదు.

2. ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం

ఒప్పందం కిందనే ఈ జాబితా రాసి, లింకులు జతచేయాలి. కొత్తగా చేరినవారికి ఈ ఒక్క పేజీ పంపితే సరిపోవాలి.

- రాతప్రతి: గూగుల్ డాక్స్ లేదా ఆన్‌లైన్ వర్డ్; సమీకరణాలు ఎక్కువగా ఉంటే ఓవర్‌లీఫ్ (లాటెక్ అనే అక్షరకూర్పు భాషలో కలిసి రాసే వేదిక)
- మూలాలు, వాటి పీడీఎఫ్‌లు: జొటేరో (మూలాలను సేకరించి, ఉటంకించే సాఫ్ట్‌వేర్) గ్రూప్ లైబ్రరీ
- డేటా: ఒకే ఫోల్డరు, అందులో ముట్టుకోని అసలు ప్రతి వేరుగా
- కోడ్: గిట్‌హబ్ (కోడ్‌ను మార్పుల చరిత్రతో సహా దాచే వేదిక)
- పనుల జాబితా: ట్రెల్లో వంటి బోర్డు, లేదా ఒక మామూలు పట్టిక
- నిర్ణయాలు: వాటికంటూ ఒక పత్రం
- చాట్: పలకరింపులు, గుర్తుచేయడాలు, చిన్న సందేహాలు

ఈ జాబితాలో ఎక్కువమంది వదిలేసేది నిర్ణయాల పత్రం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. ప్రతి నమోదులో తేదీ, నిర్ణయం, కారణం, తేల్చినవారు ఉంటే చాలు. ఒక నమూనా చూడండి: "2025-03-04. 2010కి ముందు వచ్చిన వ్యాసాలను వదిలేస్తున్నాం. కారణం: అంతకుముందు వాడిన కొలమానం వేరు, పోలిక కుదరదు. తేల్చినవారు: వడపోత చేసిన ఇద్దరూ, గైడు సమ్మతితో." సమీక్షకులు "ఈ హద్దు ఎందుకు పెట్టారు" అని అడిగినప్పుడు జవాబు ఇక్కడ సిద్ధంగా దొరుకుతుంది.

చాట్‌లో తేలిన నిర్ణయాన్ని అదే రోజు ఈ పత్రంలోకి ఎక్కించాలి. స్లాక్ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల సందేశాలే కనిపిస్తాయి. వాట్సాప్‌లో పాతవి ఉన్నా, శుభాకాంక్షల మధ్య నుంచి వెతికి తీయడం ఎవరి తరమూ కాదు. ఇక వాయిస్ మెసేజ్‌గా చెప్పిన నిర్ణయాన్ని నిర్ణయంగానే లెక్కించకూడదు.

3. ఖాతాలు, యాజమాన్యం, అనుమతులు

ఫోల్డరు సృష్టించకముందే దాని యజమాని ఎవరో ఆలోచించాలి. గూగుల్ డ్రైవ్‌లో సాధారణంగా ఫైలు సృష్టించినవారే దాని యజమాని. విద్యార్థి సంస్థ ఇచ్చిన ఖాతాలో ఫైళ్లు తయారుచేసి, చదువు ముగిశాక ఆ ఖాతా మూతపడితే, బృందం మొత్తానికీ ఆ ఫైళ్లు అందకుండా పోయే ప్రమాదం ఉంది. సంస్థ షేర్డ్ డ్రైవ్ సదుపాయం ఇస్తే దాన్నే వాడాలి. అక్కడ ఫైళ్లు వ్యక్తి పేరిట కాకుండా బృందం పేరిట ఉంటాయి. అది లేకపోతే, బృందంలో ఎక్కువకాలం ఉండేవారి ఖాతాలో ప్రధాన ఫోల్డరు పెట్టి, నెలకొకసారి మొత్తాన్ని దింపి మరోచోట దాచాలి.

అనుమతుల విషయంలో ఉదారత పనికిరాదు. చూడటం, వ్యాఖ్యానించడం, మార్చడం అనే మూడు స్థాయిల్లో ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి. గూగుల్ డాక్స్‌లో వ్యాఖ్యాన అనుమతి ఉన్నవారు సవరణలను సూచనలుగా చేయగలరు గానీ మూల వాక్యాన్ని నేరుగా మార్చలేరు. కాబట్టి గైడుకూ, బయటి పాఠకులకూ ఈ స్థాయి సరిగ్గా సరిపోతుంది. వారికి అడ్డు చెప్పినట్టూ ఉండదు, రాతప్రతికి ముప్పూ ఉండదు.

సరిచూసుకోవలసినవి:

- "లింకు ఉన్న ఎవరైనా" అనే ఎంపిక డేటా ఫోల్డరుకు ఎక్కడా లేదు
- రెండంచెల ధ్రువీకరణ అందరి ఖాతాలకూ ఉంది
- బృందం వీడినవారి అనుమతి అదే వారంలో తొలగించారు
- అధ్యయనంలో పాల్గొన్నవారి పేర్ల స్థానంలో సంకేతాలు ఉన్నాయి. ఏ సంకేతం ఎవరిదో చెప్పే ఫైలు ఈ ఫోల్డరులో లేనే లేదు

చివరి అంశం గురించి ఇంకో మాట. పాల్గొన్నవారి ఇంటర్వ్యూ ప్రతులను అనువాదానికనో, సారాంశానికనో బయటి కృత్రిమ మేధ సేవల్లో అతికించే ముందు, నైతిక సమీక్ష కమిటీకి మీరిచ్చిన హామీ దాన్ని అనుమతిస్తుందో లేదో చూసుకోవాలి. సమావేశంలో తనంతట తానే చేరి రికార్డు చేసుకునే యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది.

4. ఫైళ్ల పేర్లు

ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్, గైడు చూసిన అసలు ఫైనల్. ఈ వరుస ఎరగని పరిశోధక విద్యార్థి ఉండరు.

దీనికి మందు చిన్నదే: పేరు ముందు తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో, 2025-03-04 రూపంలో పెట్టాలి. ఇది ఐఎస్ఓ 8601 ప్రమాణం. ఈ రూపంలో ఉంటే ఫైళ్లు పేరు ప్రకారం అమర్చినా కాలక్రమంలోనే నిలుస్తాయి. తేదీ తర్వాత విషయం, ఆ తర్వాత రాసినవారి పొడి అక్షరాలు ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో కలిసి రాసే ప్రతికి మాత్రం తేదీ అక్కర్లేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఒక్కటే ఉండాలి.

5. మూలాలను ఒకే లైబ్రరీలో సేకరించడం

జొటేరో ఉచితం, దాని కోడ్ అందరికీ బహిరంగం. జొటేరో వెబ్‌సైటులో గ్రూపు సృష్టించి, ప్రైవేటుగా ఉంచి, సభ్యులను ఆహ్వానించాలి. ఉచితంగా వచ్చే నిల్వ 300 ఎంబీ మాత్రమే. గ్రూపులో ఎవరు పీడీఎఫ్ చేర్చినా అది గ్రూపు యజమాని కోటాలోంచే తగ్గుతుంది. కాబట్టి పీడీఎఫ్‌లు అందరూ చేర్చేస్తారా, లేక వివరాలు మాత్రమే చేర్చి ఫైళ్లను వేరే ఫోల్డరులో పెడతారా అన్నది ముందే అనుకోవాలి.

క్రమం ఇలా ఉండాలి:

1. ప్రతి సభ్యుడూ కంప్యూటర్లో జొటేరోను, బ్రౌజర్లో దాని కనెక్టర్‌ను పెట్టుకుని, సింక్ పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి.
2. గ్రూపులో మూడే కలెక్షన్లతో మొదలుపెట్టాలి: చదవాల్సినవి, చదివినవి, వ్యాసంలో వాడేవి. అంశాలవారీ విభజనకు ట్యాగులు చాలు.
3. కొత్త వ్యాసాన్ని చేర్చేటప్పుడు బ్రౌజర్లో గ్రూప్ లైబ్రరీని ఎంచుకుని నేరుగా అక్కడికే పంపాలి.
4. చేర్చిన వెంటనే రచయితల పేర్లు, సంవత్సరం, పత్రిక పేరు, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) సరిగా వచ్చాయో లేదో చూడాలి. చివర్లో రెండు వందల మూలాలను సరిదిద్దడం కంటే ఇప్పుడు ఒకటి సరిదిద్దడం నయం.
5. వారానికొకసారి డూప్లికేట్ ఐటెమ్స్ తెరిచి, ఒకటికి రెండుసార్లు చేరినవాటిని విలీనం చేయాలి.

ఇక్కడ బృందాలు పదేపదే పడే గుంట ఒకటుంది. సొంత లైబ్రరీ నుంచి గ్రూపులోకి ఒక మూలాన్ని లాగితే అక్కడ చేరేది నకలు మాత్రమే. ఆ తర్వాత ఒకచోట చేసిన దిద్దుబాటు రెండో చోట కనిపించదు. ఒకరు సొంత లైబ్రరీ నుంచి, మరొకరు గ్రూపు నుంచి అదే వ్యాసాన్ని ఉటంకిస్తే, జొటేరో వాటిని రెండు వేర్వేరు మూలాలుగా లెక్కిస్తుంది. గ్రంథసూచిలో అదే వ్యాసం రెండుసార్లు వస్తుంది. పేరు, సంవత్సరం శైలిలో అయితే 2019ఎ, 2019బి అని అక్షరాలు కూడా తగులుకుంటాయి. అలాంటి అక్షరాలు కనబడగానే ఆ ఉటంకింపు మీద నొక్కి అది ఏ లైబ్రరీ నుంచి వచ్చిందో చూసి, సొంత లైబ్రరీది తీసేసి, గ్రూపులోది పెట్టాలి.

రెండో గుంట, గూగుల్ డాక్స్ నుంచి వర్డ్‌కు మారేటప్పుడు ఎదురవుతుంది. మామూలుగా డౌన్‌లోడ్ చేస్తే ఉటంకింపుల లింకులు తెగిపోయి అవి సాదా అక్షరాలుగా మిగులుతాయి. జొటేరో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో వేరే వర్డ్ ప్రాసెసర్‌కు మారే ఎంపిక ఉంది. ముందు పత్రానికి నకలు తీసి, ఆ నకలుపై ఈ ఎంపిక వాడి, తర్వాత డౌన్‌లోడ్ చేసి వర్డ్‌లో తెరిచి రిఫ్రెష్ చేయాలి.

ఉపసంహరించిన వ్యాసాల విషయంలోనూ జొటేరో సాయపడుతుంది: రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి చూసి, మీ లైబ్రరీలో అలాంటిది ఉంటే హెచ్చరిక చూపిస్తుంది. వ్యాసం పంపే ముందు ఆ హెచ్చరికలు ఒకసారి చూసుకోవాలి. కృత్రిమ మేధ సాధనం సూచించిన మూలమైతే, దాని డీఓఐ నొక్కి అసలు వ్యాసం తెరుచుకుంటేనే లైబ్రరీలోకి రానివ్వాలి. లేని వ్యాసాలకు నమ్మదగిన పేర్లు అల్లడం ఆ సాధనాలకు అలవాటు.

6. విడిగా వడపోత, తర్వాత పోలిక

సాహిత్య సమీక్ష చేసేటప్పుడు ఏ వ్యాసాన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అని ఇద్దరు ఒకరి తీర్పు మరొకరికి తెలియకుండా నిర్ణయించాలి. రయ్యాన్ వంటి పరికరంలో ఇందుకోసం బ్లైండ్ ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ రెండోవారి నిర్ణయం కనిపించదు. మొదటివారి జవాబు కళ్లెదుట ఉంటే రెండోవారు తెలియకుండానే అటు మొగ్గుతారు, అప్పుడు ఇద్దరు చూశారన్న మాటకు అర్థం ఉండదు.

1. చేర్చుకునే, వదిలేసే ప్రమాణాలను ముందే రాయాలి. వీలైతే ఓఎస్ఎఫ్ అనే పరిశోధన ప్రణాళికల వేదికలో నమోదు చేయాలి. ఆ నమోదుపై తేదీ ముద్ర పడుతుంది.
2. ముందు ఒక యాభై శీర్షికలను ఇద్దరూ విడివిడిగా చూసి, తేడా వచ్చినవాటి గురించి మాట్లాడుకుని ప్రమాణాల వాక్యాలను బిగించాలి.
3. తర్వాతే మొత్తం మొదలుపెట్టాలి. పూర్తయ్యాక బ్లైండ్ తీసి, తేడాలను మూడోవారికి అప్పగించాలి.
4. ఎన్ని వచ్చాయి, ఎన్ని నకళ్లు, ఎన్ని ఎందుకు వదిలేశారు అన్న లెక్కలను ఎప్పటికప్పుడు రాసుకోవాలి.

సమీక్షలో ఏమేం నివేదించాలో చెప్పే, 27 అంశాలున్న ప్రిస్మా 2020 జాబితా, దాని ప్రవాహ చిత్రం అడిగేది ఈ లెక్కలనే. పూర్తయ్యాక వెనక్కి తిరిగి లెక్కపెడదాం అనుకుంటే ఆ అంకెలు దాదాపు ఎప్పుడూ కుదరవు.

7. ఉమ్మడి పట్టికలో డేటా

డేటా పట్టికను నలుగురూ తెరిచి నింపుతున్నప్పుడు తప్పులు చప్పుడు చేయకుండా చేరతాయి. ఎక్సెల్ జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేసిన ఉదంతం అందుకు ప్రసిద్ధం. మార్చ్1, సెప్ట్2 వంటి జన్యు సంకేతాలను టైప్ చేయగానే ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 2గా అనుకునేది. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్సెల్‌లో జన్యు జాబితాలు జతచేసిన వ్యాసాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి జన్యువుల పేర్లను నిర్ణయించే సంఘమే 2020లో పేర్లు మార్చుకోవలసి వచ్చింది. మీ పట్టికలో జన్యువులు ఉండకపోవచ్చు. కానీ 007 అనే సంకేతం 7గా మారడం, 15 అంకెలకు మించిన సంఖ్యలో మిగతా అంకెలు సున్నాలైపోవడం ఏ రంగంలోనైనా జరుగుతాయి.

కాబట్టి నింపడం మొదలుపెట్టకముందే:

- సంకేతాల నిలువు వరుసలను సాదా పాఠ్యం రూపంలో ఉంచండి
- తేదీలన్నీ సంవత్సరం, నెల, రోజు క్రమంలోనే రాయించండి. 03/04 ఒకరికి మార్చి, మరొకరికి ఏప్రిల్
- పరిమిత జవాబులున్న చోట డ్రాప్‌డౌన్ పెట్టండి, లేకపోతే "అవును", "ఔను", "అవును." మూడు వేర్వేరు జవాబులవుతాయి
- ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. రంగులతో అర్థం సూచించవద్దు, రంగు ఎగుమతిలో పోతుంది
- విలువ లేకపోవడం, సున్నా, వర్తించకపోవడం మూడింటికీ వేర్వేరు గుర్తులు పెట్టండి
- ప్రతి నిలువు వరుస అర్థాన్ని, కొలమానాన్ని వేరే షీటులో రాయండి
- శీర్షికలను, సూత్రాలున్న గడులను ప్రొటెక్ట్ చేయండి

గూగుల్ షీట్స్‌లో ఒకరు మామూలు ఫిల్టర్‌తో వడపోస్తే అందరి తెరమీదా వరుసలు మాయమవుతాయి, అంతలో రెండోవారు వేరే వరుసలో విలువ టైప్ చేసేస్తారు. ఎవరికి వారు ఫిల్టర్ వ్యూ తెరుచుకుంటే ఈ బాధ ఉండదు. ఏదైనా గడి విలువపై అనుమానం వస్తే, ఆ గడి మీద కుడి క్లిక్ చేసి ఎడిట్ హిస్టరీ చూడవచ్చు. ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో కనిపిస్తుంది.

తెలుగు వంటి లిపుల్లో ఉన్న సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన సాదా పాఠ్యం) ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే పిచ్చి గుర్తులు రావచ్చు. అప్పుడు సేవ్ చేయవద్దు. మూసివేసి, డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుంటూ, యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర సంకేత పద్ధతి) ఎంచుకోవాలి.

8. కలిసి రాయడం

ఖాళీ పేజీ మీద నలుగురు ఒకేసారి టైప్ చేయడం చూడటానికి ఉత్సాహంగా ఉంటుంది, ఫలితం మాత్రం నాలుగు గొంతుల వ్యాసం. దానికంటే ఈ క్రమం మేలు:

1. ఒకరు శీర్షికలు, ఒక్కో శీర్షిక కింద ఒక్కో పేరాకు ఒక్కో వాక్యం చొప్పున పెట్టి అస్థిపంజరం తయారుచేయాలి.
2. ఆ వాక్యాల క్రమం మీద అందరూ వ్యాఖ్యలు రాయాలి. ఇంకా ఎవరూ పేరాలు రాయకూడదు.
3. క్రమం తేలాక విభాగాలను పంచుకుని, ఎవరి విభాగం వారే మొదటి చిత్తుప్రతి రాయాలి.
4. ఒక విభాగాన్ని రాయనివారు దాన్ని సవరించాలి, అదీ సజెస్టింగ్ మోడ్‌లోనే.
5. చివరిగా ఒక్కరు మొత్తం చదివి గొంతు ఒకటి చేయాలి. ఈ మెట్టు మీద ఇద్దరుండకూడదు.

సూచనలను అంగీకరించే, తిరస్కరించే హక్కు ఆ విభాగం రాసినవారికే ఉండాలి. ఎవరు కనబడితే వారు టిక్కు కొట్టేస్తుంటే, చర్చ జరగకుండానే వాక్యాలు మారిపోతాయి.

వ్యాఖ్య రాసేటప్పుడు "ఇది సరిగా లేదు" అని వదిలేస్తే చదివినవారు ఏం చేయాలో తోచక ఆగిపోతారు. "ఇక్కడ చెప్పిన తగ్గుదల పట్టిక 2లో కనిపించడం లేదు, అంకె మార్చాలా, వాక్యం తీసేయాలా?" అని రాస్తే ఎదుటివారి పని సగం తేలికవుతుంది. వ్యాఖ్యలో సభ్యుని పేరు చేర్చి అసైన్ చేస్తే అది వారి వంతు పనిగా నమోదవుతుంది. జవాబిచ్చినవారు కాకుండా, వ్యాఖ్య రాసినవారే దాన్ని రిసాల్వ్ చేయాలన్నది నేను గట్టిగా పట్టుకునే నియమం.

ప్రతి ముఖ్య దశలోనూ వెర్షన్ హిస్టరీలో అప్పటి ప్రతికి పేరు పెట్టాలి: "గైడుకు పంపిన ప్రతి", "సమీక్షకుల వ్యాఖ్యలకు ముందు". పేరు లేని వందలాది మార్పుల్లో కావలసిన రోజును పట్టుకోవడం కష్టం. చూసే అనుమతి మాత్రమే ఉన్నవారికి ఈ చరిత్ర కనిపించదని గుర్తుంచుకోండి.

ఓవర్‌లీఫ్ వాడేవారు ఒక వాక్యానికి ఒక లైను చొప్పున రాస్తే, మార్పుల పోలికలో పేరా అంతా కాకుండా మారిన వాక్యమే కనిపిస్తుంది. దాని ఉచిత ప్లాన్‌లో సహరచయితల సంఖ్యకూ, చరిత్రకూ పరిమితులున్నాయి, కాబట్టి బృందాన్ని చేర్చే ముందే ఆ పరిమితులు చూసుకోవాలి. గిట్‌హబ్‌లో 100 ఎంబీ దాటిన ఫైలును అది తిప్పికొడుతుంది. పాస్‌వర్డు ఉన్న ఫైలును పొరపాటున పంపితే, తర్వాత దాన్ని తొలగించినా చరిత్రలో మిగిలే ఉంటుంది. వెంటనే ఆ పాస్‌వర్డు మార్చడమే మొదటి పని.

9. సమావేశాలు

సమావేశం ఎజెండా ఒకరోజు ముందే పత్రంలో ఉండాలి. ఒక్కో అంశం పక్కన "చర్చ", "నిర్ణయం", "సమాచారం" అని రాసి ఉండాలి. సమాచారం మాత్రమే ఉన్నవాటికి సమావేశం దండగ. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది, దాన్ని హద్దుగా పెట్టుకోవడం మంచిదే. వేర్వేరు దేశాల్లో ఉన్నవారికి వేళ చెప్పేటప్పుడు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కూడా రాయాలి. నెట్ బలహీనంగా ఉన్నవారికి వీడియో ఆపే స్వేచ్ఛ ఉండాలి. నోట్సు రాసేవారు ప్రతిసారీ మారాలి, లేకపోతే ఆ భారం ఒకే మనిషి మీద స్థిరపడిపోతుంది.

10. చదువు బృందాలకు

కలిసి చదువుకునేవారికీ పైన చెప్పినవే వర్తిస్తాయి, కానీ లక్ష్యం వేరు. పరిశోధనలో పేజీ పూర్తయితే పని అయినట్టు. చదువులో పేజీ నిండినా మనసులో ఏమీ నిలవకపోవచ్చు.

కలిసి గుర్తుతెచ్చుకునే బృందం, అదే సంఖ్యలో మనుషులు విడివిడిగా గుర్తుతెచ్చుకున్నవి పోగుచేస్తే వచ్చేదానికంటే తక్కువే చెప్పగలుగుతుందని 1997లో వెల్డన్, బెలింజర్ అనే పరిశోధకులు చూపించారు. ఒకరి మాట మరొకరి ఆలోచన వరుసను చెదరగొడుతుంది. అలాగే 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేస్తే, తమను తాము పరీక్షించుకున్నవారు రెండు రోజులకూ, వారానికీ పెట్టిన పరీక్షల్లో మెరుగయ్యారు. ఈ రెండింటినీ కలిపితే వారపు క్రమం ఇలా వస్తుంది:

1. ప్రతి ఒక్కరూ పాఠం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తమ సొంత పత్రంలో రాయాలి. ఇంకొకరి పత్రం తెరవకూడదు.
2. గడువు తర్వాత నాలుగు పత్రాలను పక్కపక్కన పెట్టి, తేడాలనే ఉమ్మడి పత్రంలోకి ఎక్కించాలి.
3. తేడా వచ్చిన ప్రతి చోటా మూలగ్రంథం పేజీ చూసి తేల్చాలి. మెజారిటీ లెక్క ఇక్కడ పనికిరాదు.
4. ఒక్కొక్కరు ఐదు ప్రశ్నలు తయారుచేసి గూగుల్ ఫార్మ్స్‌లోనో, ఆంకీ అనే యాప్‌లో ప్రశ్న, జవాబు కార్డులుగానో మిగతావారికి ఇవ్వాలి. ప్రశ్న తయారుచేసినవారు తమ ప్రశ్నకు జవాబివ్వకూడదు.
5. వారం తర్వాత తప్పిన ప్రశ్నలనే మళ్లీ అడగాలి.

కష్టమైన వ్యాసాన్ని కలిసి చదవడానికి పేజీ మీదే వ్యాఖ్యలు రాసుకునే హైపోథిసిస్ అనే పరికరం బాగుంటుంది. ప్రైవేటు గ్రూపు తెరిచి, అందరూ ఒకే వెబ్ పేజీని లేదా ఒకే పీడీఎఫ్ ప్రతిని తెరిచి, వాక్యం పక్కనే ప్రశ్నలు రాయవచ్చు. ఒక్కొక్కరు కనీసం ఒక ప్రశ్న, మరొకరి ప్రశ్నకు ఒక జవాబు అనే నియమం లేకపోతే, పేజీ అంతా "బాగుంది"లతో నిండిపోతుంది.

11. తరచూ వచ్చే చిక్కులు, వాటికి మందులు

పేరా మొత్తం మాయమైంది. ఎవరినీ నిందించకముందే వెర్షన్ హిస్టరీ తెరవండి. పాత ప్రతిని పూర్తిగా పునరుద్ధరిస్తే ఈలోగా మిగతావారు చేసిన పని పోతుంది. కావలసిన పేరాను మాత్రం కాపీ చేసి తెచ్చుకోండి.

ఫోల్డరులో "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అనే ఫైలు కనిపిస్తోంది. డ్రాప్‌బాక్స్ వంటి వాటిలో ఇద్దరు ఒకే ఫైలును ఒకేసారి తమ కంప్యూటర్లలో మార్చారని దాని అర్థం. రెండింటినీ వర్డ్ పోలిక సదుపాయంతో చూసి, కలిపి, ఒకటే ఉంచండి. మళ్లీ రాకుండా ఆ ఫైలును బ్రౌజర్లోనే తెరిచి రాయండి.

ఫైలు తొలగిపోయింది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది. అది యజమాని చెత్తబుట్టలో వెతకాలి, మీ దాంట్లో కాదు.

ఒక సభ్యుడు ఏమీ చేయడం లేదు. ఎక్కువసార్లు కారణం, పని పెద్ద ముద్దగా ఇవ్వడం. "సాహిత్య సమీక్ష" అని రాసిన చోట "ఈ మూడు వ్యాసాల నమూనా పరిమాణాలను పట్టికలో నింపడం, శుక్రవారంలోగా" అని మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఒప్పందంలోని రెండో అంశాన్ని అమలు చేయండి.

వ్యాఖ్యలు వందకు చేరాయి. ఒకరు కూర్చుని వాటిని అక్షర దోషాలు, విషయ దోషాలు, అభిప్రాయభేదాలుగా విడదీయాలి. మొదటి రకాన్ని వెంటనే దిద్దేసి, రెండోదాన్ని విభాగం రాసినవారికి ఇచ్చి, మూడోదాన్ని మాత్రమే సమావేశానికి తేవాలి.

12. పని ముగించడం, భద్రపరచడం

ఆన్‌లైన్ సేవలు ఎప్పటికీ ఉండవు. గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డు 2024 చివరితో మూతపడింది; అందులో బొమ్మలు, ఆలోచనలు గీసుకున్నవారు ముందే దింపుకోవలసి వచ్చింది. కాబట్టి వ్యాసం ఆమోదం పొందిన వారంలోనే, లేదా కోర్సు ముగిసిన వారంలోనే ఈ పనులు చేయాలి:

- తుది రాతప్రతిని పీడీఎఫ్‌గానూ, వర్డ్ లేదా లాటెక్ రూపంలోనూ దింపుకోవడం
- జొటేరో ఉటంకింపులను అన్‌లింక్ చేయడం (సాదా అక్షరాలుగా మార్చడం), అదీ నకలు మీద మాత్రమే
- డేటాను సీఎస్‌వీగా, నిలువు వరుసల వివరణతో కలిపి దాచడం
- పంచుకోదగ్గ డేటాను, కోడ్‌ను జెనోడో అనే పరిశోధన భాండాగారంలో పెట్టి డీఓఐ తీసుకోవడం
- క్రెడిట్ పట్టికను అందరికీ చూపించి సమ్మతి తీసుకోవడం, ప్రతి ఒక్కరి ఆర్కిడ్ సంఖ్య (పరిశోధకుడి గుర్తింపు సంఖ్య) సరిచూడటం
- వ్యక్తిగత వివరాలున్న ఫైళ్లను, ఇచ్చిన హామీ ప్రకారం తొలగించడం లేదా తాళం వేసిన చోట ఉంచడం
- ప్రధాన ఫోల్డరు అనుమతులన్నిటినీ చూసే స్థాయికి తగ్గించడం

జెనోడోను ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతుంది. అందులో ఒక్కో నమోదుకు 50 జీబీ వరకు ఉచితం, గిట్‌హబ్‌తో అనుసంధానిస్తే ప్రతి విడుదలా తనంతట తానే అక్కడ చేరుతుంది. ప్రతి వెర్షన్‌కు ఒక డీఓఐ, అన్ని వెర్షన్లకూ కలిపి మరొక డీఓఐ వస్తాయి. వ్యాసంలో విశ్లేషణకు వాడిన వెర్షన్ డీఓఐనే రాయాలి, లేకపోతే రేపు చదివేవారికి వేరే డేటా తెరుచుకుని అంకెలు కుదరవు. నమోదు చేశాక, బృందంలో లేని ఒకరికి ఆ లింకు పంపి, మీ సాయం లేకుండా మొదటి పట్టికలోని అంకెలను వారు తిరిగి రాబట్టగలరేమో చూడమనండి. వారు ఆగిపోయిన చోట ఏ వివరణ లోపించిందో అడిగి, దాన్ని రీడ్‌మీ (డేటాతో పాటు పెట్టే వివరణ) ఫైలులో చేర్చి, కొత్త వెర్షన్‌గా పెట్టండి.